పై అంతస్తులో పడమటి గది: ఏసీ ఎన్ని టన్నులు ఉండాలి?

ప్రశ్న: మేము విజయవాడ పటమటలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో చిట్టచివరి అంతస్తులో ఉంటున్నాం. సొంత ఫ్లాటే. మా పడకగది 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉంటుంది. పొడవైన గోడ పడమటి వైపు ఉంది. దానికి 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గల అద్దాల కిటికీ ఉంది. వేసవిలో నేను, మావారు, ఇద్దరు పిల్లలు ఆ గదిలోనే పడుకుంటాం. సెలవుల్లో పిల్లలు మధ్యాహ్నం కూడా అక్కడే ఉంటారు. గుంటూరులో మా ఆడపడుచు వాళ్లింట్లో ఇదే కొలత గదికి ఒక టన్ను ఏసీ హాయిగా సరిపోతోంది. అదే తీసుకుందామని షాపుకు వెళితే, ‘పై అంతస్తు కదమ్మా, ఎందుకైనా మంచిది, రెండు టన్నులు తీసుకోండి, ఇన్వర్టరే కాబట్టి బిల్లు పెరగదు’ అన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. మా మావయ్యగారి గది 10 అడుగులకు 11 అడుగులు, ఉత్తరం వైపు ఉంటుంది. ఆయన పగలు ఎక్కువసేపు అందులోనే గడుపుతారు. దానికీ ఒకటి తీసుకోవాలి. మూడు స్టార్లా, అయిదు స్టార్లా అన్నది కూడా చెప్పగలరు. – ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందుగా సూటి జవాబు. మీ పడకగదికి ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ, అంటే గది అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే రకం, తీసుకోండి. లేబుల్ మీద రాసి ఉండే చల్లబరచే సామర్థ్యం 5,000 వాట్లకు తగ్గకుండా చూసుకోండి. మావయ్యగారి గదికి ఒక టన్ను సరిపోతుంది. రెండు టన్నుల ఏసీ మీ ఇంట్లో ఏ గదికీ అక్కర్లేదు. అయితే మీ గదిలోకి చేరే వేడిలో అన్నిటికన్నా పెద్ద భాగం నెత్తిమీది స్లాబు నుంచి దిగుతోంది కాబట్టి, ఏసీ కొనడానికి ముందే డాబా మీద చేయవలసిన పని ఒకటి ఉంది. షాపులో ఆ సంగతి ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లు అమ్మేది డాబా పూత కాదు.

ఏసీ విషయంలో టన్ను అంటే యంత్రం బరువు కాదు, గంటగంటకూ అది గదిలోంచి బయటికి తోడిపోసే వేడికి కొలత. సుమారు 907 కిలోల మంచుగడ్డ 24 గంటల్లో పూర్తిగా కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని అదే వ్యవధిలో తీసివేయగల శక్తిని ఒక టన్ను అంటారు. వాట్లలో చెబితే అది 3,517. కాబట్టి గదికి ఎన్ని టన్నులు కావాలని అడగడమంటే, ఆ గదిలోకి ఎన్ని వాట్ల వేడి వచ్చి చేరుతోందని అడగడమే. షాపుల్లో వాడుకలో ఉన్న లెక్క 120 చదరపు అడుగుల దాకా ఒక టన్ను, 180 దాకా ఒకటిన్నర, అంతకు మించితే రెండు అని. తొందరలో ఒక అంచనాకు రావడానికి అది పనికొస్తుంది గానీ, ఆ లెక్కకు నేల కొలత తప్ప మరేదీ తెలియదు. నెత్తిమీద మరో ఇల్లు ఉందా, ఎండలో కాలే స్లాబు ఉందా, కిటికీ ఏ దిక్కున ఉంది, గదిని వాడేది మిట్టమధ్యాహ్నమా, రాత్రి పదింటికా అన్నవి దానికి పట్టవు. మీ విషయంలో తేడా అంతా అక్కడే ఉంది.

మీ ఆడపడుచుగారి ఇల్లు కింది అంతస్తులోనో మధ్య అంతస్తులోనో ఉండి ఉంటుందని నా ఊహ. అలాంటి గదికి పైకప్పు మీద ఇంకొకరి కాపురం ఉంటుంది. ఆ ఇంటి నేల మహా అయితే 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మీ పైకప్పు మీద ఉన్నది మే నెల సూర్యుడు. మధ్యాహ్నం రెండు గంటలకు పూత లేని కాంక్రీటు డాబా పైభాగం 60 డిగ్రీల దాకా కాలుతుంది. గుంటూరుకూ విజయవాడకూ ఎండలో చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండు గదుల నేల కొలతా ఒకటే. అయినా మీ గదికి స్లాబు నుంచి, పడమటి గోడ నుంచి అదనంగా వచ్చే వేడి ఒక్కటే దాదాపు అర టన్ను ఏసీ చేసే పనికి సమానం. ఆవిడ ఇంట్లో ఒక టన్ను సరిపోవడం ఎంత నిజమో, మీ ఇంట్లో అది చాలకపోవడం కూడా అంతే నిజం.

ఇప్పుడు మీ పడకగది లెక్క చూద్దాం. మీరు ఇచ్చిన కొలతలకు తోడు, పైకప్పు ఎత్తు 10 అడుగులని, స్లాబు మందం 5 అంగుళాలని, బయటి గోడ 9 అంగుళాల ఇటుక గోడ అని అనుకుంటున్నాను. మన అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ఉండేవి అవే. లెక్కలు ఉజ్జాయింపువి, పదో వంతు అటూ ఇటూ కావచ్చు, కానీ నిర్ణయం తీసుకోవడానికి చాలు.

చాలామంది మిట్టమధ్యాహ్నం వేడిని బట్టి ఏసీ ఎంచుకోవాలనుకుంటారు, కానీ పడకగది అసలు పరీక్ష రాత్రి మొదలవుతుంది. పొయ్యి మీంచి దించిన పెనం చాలాసేపు వేడిగానే ఉన్నట్టు, పగలంతా కాలిన స్లాబు సూర్యాస్తమయం తర్వాత కూడా గంటల తరబడి కిందికి వేడిని వదులుతూనే ఉంటుంది. ఇటుక గోడ విషయంలో ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ: మధ్యాహ్నం మూడింటి నుంచి ఆరింటి దాకా పడమటి గోడ బయటి వైపు తాగిన ఎండ, లోపలి వైపుకు పూర్తిగా చేరేసరికి రాత్రి పదో పదకొండో అవుతుంది. మే నెలలో రాత్రి పది గంటలకు బయట 34 డిగ్రీలు ఉందని, గదిని 26 డిగ్రీల దగ్గర ఉంచాలని అనుకుంటే, స్లాబు నుంచి సుమారు 1,300 వాట్లు, పడమటి గోడ నుంచి 500, ఏసీ లేని పక్కగదుల గోడల గుండా, కింది ఫ్లాటు మీది నేల గుండా కలిపి 800, నలుగురు మనుషుల ఒంటి వేడి, చెమట తేమ కలిపి 350, తలుపు సందుల్లోంచి చొరబడే గాలితో, అది తెచ్చే తేమతో 300, కిటికీ అద్దం, ఫ్యాను, లైటు వగైరాలతో 200 వాట్లు వస్తాయి. మొత్తం 3,450. అంటే ఎండ పొడ కూడా లేని ఆ సమయంలో కూడా మీ గదికి సరిగ్గా ఒక టన్ను కావాలి.

ఇక సెలవుల్లో సాయంత్రం నాలుగున్నర ప్రాంతం చూడండి. అప్పుడు స్లాబు నుంచి 1,700 వాట్ల దాకా దిగుతుంది. పడమటి గోడ వేడి ఇంకా దారిలోనే ఉంటుంది కాబట్టి దాని వాటా 300 మించదు. కానీ కిటికీ మీద ఎండ సూటిగా పడుతుంది. ఆ 20 చదరపు అడుగుల అద్దం ఒక్కటే 1,050 వాట్ల వేడిని లోపలికి పంపుతుంది. లోపలి గోడలు, నేల 1,000, మనుషులు 350, చొరబడే గాలి 400, మిగతావి 150. మొత్తం 4,950, అంటే దాదాపు 5,000 వాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి సామర్థ్యంతో చేసే పని అంత.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెడితే ఒక టన్ను ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. రాత్రి పదింటికి అది కాగితం మీద సరిపోతోంది కదా అని మీరు అడగవచ్చు. ఆ 3,450 వాట్లు గది ఒకసారి చల్లబడ్డాక ఆ చల్లదనాన్ని నిలబెట్టడానికి కావలసినవి. మీరు తొమ్మిదిన్నరకు స్విచ్ వేసేసరికి గోడలు, మంచాలు, పరుపులు, బీరువా అన్నీ 36, 37 డిగ్రీల దగ్గర ఉంటాయి. గదిలో ఉన్న గాలి బరువు దాదాపు 55 కిలోలే. దాన్ని మాత్రమే చల్లబరచాలంటే ఒకటిన్నర టన్నుల ఏసీకి రెండు నిమిషాల పని. స్లాబు ఒక్కటే దాదాపు అయిదు వేల కిలోల బరువుంటుంది. ఏసీ వేసిన కాసేపటికి మొహానికి చల్లగాలి తగిలినా ఒళ్లు మాత్రం వేడెక్కుతూనే ఉన్నట్టు అనిపించడానికి కారణం అదే: గాలి చల్లబడింది, మీ మీద ఉన్న కప్పు ఇంకా చల్లబడలేదు. ఆ బరువైన వస్తువుల్లో నిలవ ఉన్న వేడిని తీయడానికి అదనపు శక్తి కావాలి, ఒక టన్ను ఏసీ దగ్గర ఆ మిగులు ఉండదు. అది తెల్లవారుజాము దాకా పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది, పిల్లలు అర్ధరాత్రి దాకా దొర్లుతూనే ఉంటారు. పైగా ఇన్వర్టర్ కంప్రెసర్ పూర్తి వేగంతో తిరిగేటప్పుడే ప్రతి యూనిట్ కరెంటుకూ తక్కువ చల్లదనం ఇస్తుంది; కాబట్టి చిన్న ఏసీ కొన్నామన్న పొదుపు బిల్లులో కూడా కనిపించదు.

రెండు టన్నుల మాటకొస్తే, షాపువారు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. ఇన్వర్టర్ ఏసీ గది అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని తగ్గించుకుంటుంది, అందువల్ల కాస్త పెద్దది కొన్నంత మాత్రాన బిల్లు ఆ నిష్పత్తిలో పెరగదు. కానీ ఆ వేగం సున్నా దాకా తగ్గదు, ప్రతి యంత్రానికీ ఒక కనీస వేగం ఉంటుంది, పెద్ద యంత్రానికి ఆ కనీసం కూడా పెద్దదే. ఆగస్టు, సెప్టెంబరు రాత్రులు గుర్తు తెచ్చుకోండి. బయట వేడి అంత ఉండదు, కానీ కృష్ణా తీరపు ఉక్కపోత ప్రాణం తీస్తుంది. అలాంటి రాత్రి మీ గదిలో తీయవలసిన వేడి 1,500 వాట్లు కూడా ఉండకపోవచ్చు. 6,000 వాట్లకు పైన సామర్థ్యం గల రెండు టన్నుల ఏసీ ఆ కాస్త వేడిని నిమిషాల్లో తీసేసి కంప్రెసర్‌ను ఆపేస్తుంది, కాసేపటికి మళ్లీ మొదలుపెడుతుంది. గాలిలోని తేమ లోపలి కాయిల్ మీద నీటిబొట్లుగా మారి పైపు గుండా బయటికి పోవాలంటే కాయిల్ చాలాసేపు చల్లగా ఉండాలి. ఆగుతూ సాగుతూ ఉండే ఏసీ కింద అది జరగదు. కాయిల్ మీద నిలిచిన తడి కూడా తిరిగి గాలిలో కలుస్తుంది. గది చల్లగా ఉంటుంది గానీ దుప్పటి చెమ్మగా తగులుతుంది. జనం అప్పుడు రిమోట్ మీద అంకెను ఇంకా కిందికి దించుతారు, చలి పెరుగుతుంది గానీ ఆ జిగట పోదు. మన కోస్తా జిల్లాల్లో ఏసీ పెద్దదైపోవడం వల్ల వచ్చే అసలు ఇబ్బంది బిల్లు కాదు, ఇదీ. కాకినాడ, విశాఖపట్నం లాంటి చోట్ల ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి; రామగుండం లాంటి పొడి ఎండల ఊళ్లో నడివేసవిలో కాస్త పెద్దదైనా అంతగా బాధించదు.

ఒకటిన్నర టన్ను అనే మాట మీద మాత్రమే ఆధారపడి కొనకండి. లెక్క ప్రకారం అది 5,275 వాట్లు కావాలి, కానీ అదే పేరుతో అమ్మే ఏసీల లేబుళ్ల మీద 4,700 ప్రాంతం నుంచి 5,300 ప్రాంతం దాకా రకరకాల అంకెలు కనిపిస్తాయి. ప్రతి ఏసీ మీదా అతికించి ఉండే బీఈఈ (కరెంటు పొదుపు ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) స్టార్ లేబుల్ మీద వాట్లలో సామర్థ్యం రాసి ఉంటుంది, ఆ అంకెనే నమ్మండి. దాన్ని కూడా ఒక షరతుతో చదవాలి. ఆ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు, గదిలో 27 డిగ్రీలు ఉన్నప్పుడు పరీక్షించి నిర్ణయిస్తారు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీలంటే చల్లని రోజు కిందే లెక్క. బయట 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు వేడిని అంత వేడి గాలిలోకి విసరడం యంత్రానికి కష్టమవుతుంది, సామర్థ్యం సాధారణంగా పదో వంతు దాకా పడిపోతుంది. అందుకే 4,700 వాట్ల రకం వద్దని, 5,000 తగ్గకూడదని చెబుతున్నాను. ‘52 డిగ్రీల ఎండలో కూడా పనిచేస్తుంది’ అని పెట్టె మీద రాసి ఉంటే, అంత వేడిలో కూడా ఆగిపోకుండా నడుస్తుందని అర్థం. అప్పుడు కూడా పూర్తి సామర్థ్యం ఇస్తుందని కాదు.

ఇప్పుడు డాబా సంగతి. పైన చెప్పిన రెండు లెక్కల్లోనూ మొదటి అంకె స్లాబుదే. మీ గది మీద ఉన్న డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేయిస్తే ఆ అంకె సగానికి దగ్గరగా తగ్గుతుంది: రాత్రి 1,300 కాస్తా 700 ప్రాంతానికి, సాయంత్రం 1,700 కాస్తా 850 ప్రాంతానికి. ఇది కొత్త విద్యేమీ కాదు, మన పెద్దలు వేసవి ముందు డాబాకు సున్నం కొట్టించేవారు. సున్నం ఒక వానాకాలంలో కొట్టుకుపోతుంది, ఇప్పుడు దొరికే కూల్ రూఫ్ పూతలు కొన్నేళ్లు నిలుస్తాయి, తెల్లని పెంకు ముక్కలు పరచడం ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి కప్పుల కోసమే అయిదేళ్ల కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది. ఏ పూత అయినా దుమ్ము పడితే తెలుపు తగ్గుతుంది, తెలుపు తగ్గితే ఫలితం తగ్గుతుంది. అందువల్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒకసారి డాబాను కడిగించుకోవడం తప్పదు. అపార్ట్‌మెంట్ డాబా అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి పని మొదలుపెట్టే ముందు అసోసియేషన్‌తో మాట్లాడి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కింది అంతస్తుల వాళ్లు ఖర్చు పంచుకోవడానికి ముందుకు రాకపోవచ్చు, వాళ్ల ఇళ్లలో ఆ వేడి లేదు మరి; కానీ నీటి చెమ్మ ఆపే పూతతో కలిపి చేయిస్తామంటే వినే అవకాశం ఎక్కువ. ఆ అనుమతి రాకపోతే గది లోపల ఫాల్స్ సీలింగ్ వేయించుకోవచ్చు, అయితే స్లాబుకూ సీలింగ్‌కూ మధ్య వేడిని ఆపే పొర పెట్టించాలి. ఉత్త అలంకారానికి వేసే సీలింగ్ కొంతమేరకే పనిచేస్తుంది.

కిటికీ విషయంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే, నీడ అద్దానికి బయట పడాలి. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదికే ఇస్తుంది. బయట వెదురు తడిక గానీ, పచ్చని షేడ్ నెట్ గానీ, కాస్త ఖర్చు పెట్టగలిగితే పొడవైన సన్‌షేడ్ గానీ ఏర్పాటు చేస్తే 1,050 వాట్ల వాటా 450 ప్రాంతానికి దిగుతుంది. డాబా పూత, కిటికీ నీడ రెండూ కుదిరితే సాయంత్రం మొత్తం 4,950 నుంచి 3,500కు వస్తుంది. అప్పుడు ఒక టన్ను చాలదా అంటే, కాగితం మీద చాలుతుంది. అయినా ఒకటిన్నరే తీసుకోమంటాను. పూత పాతబడుతుంది, ఫిల్టర్‌లో దుమ్ము చేరుతుంది, 45 డిగ్రీల రోజులు వస్తాయి. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ మూడింట రెండు వంతుల వేగంతో తాపీగా తిరుగుతూ అదే చల్లదనాన్ని తక్కువ కరెంటుతో ఇస్తుంది. పెద్దది కొంటే మంచిదన్న మాట నిజమయ్యేది ఇంతవరకే; ఇక్కడి నుంచి మరో అర టన్ను పైకి వెళితే ముందు చెప్పిన చెమ్మ సమస్య మొదలవుతుంది.

మావయ్యగారి గదికి లెక్క సులువు. ఉత్తరపు గది కాబట్టి కిటికీలోంచి సూటి ఎండ దాదాపు ఉండదు, మనిషి ఒక్కరే. కానీ స్లాబు అదే స్లాబు, ఆయన గదిని వాడేది పగలు. వేసవి సాయంత్రం ఆ గదికి 2,700 వాట్ల ప్రాంతం కావాలి. 0.8 టన్నుల ఏసీలు సరిగ్గా ఆ అంకెకే తయారవుతాయి, అంటే మిగులు ఉండదు. ఒక టన్ను తీసుకోండి. పెద్దవారి గదిలో టన్నుల కన్నా ఎక్కువగా ఆలోచించవలసింది ఇండోర్ యూనిట్‌ను ఎక్కడ బిగించాలన్నది. మంచం తలవైపు గోడకు గానీ, ఎదురుగా గానీ పెట్టి గాలి సూటిగా ఛాతీ మీదికి, మోకాళ్ల మీదికి వచ్చేలా చేస్తే ఆయన రెండో రోజునే ఏసీ ఆపేయమంటారు. మంచానికి పక్కగా ఉన్న గోడకు పెట్టించి, గాలి పైకప్పు వెంట సాగేలా రెక్కను నిలపండి.

స్టార్లకూ సైజుకూ సంబంధం లేదు; అయిదు స్టార్ల ఏసీ ఎక్కువ చల్లబరచదు, అదే చల్లదనానికి తక్కువ కరెంటు తీసుకుంటుంది. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అవుతాయో రాసి ఉంటుంది. ఆ అంకె ఏడాదికి 1,600 గంటల వాడకం మీద లెక్కగట్టినది, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 200 రోజులు. మీరు నచ్చుకున్న రెండు మోడళ్ల యూనిట్ల తేడా చూసి, మీరు వాడబోయే గంటలకు సరిచేసి, మీ బిల్లులో చివరి శ్లాబు ధరతో గుణించండి. చివరి శ్లాబు అని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది, ఆదా అయ్యే యూనిట్లు ఆ ఖరీదైన పైభాగం నుంచే తగ్గుతాయి. ఒకటిన్నర టన్నుల్లో మూడు స్టార్లకూ అయిదు స్టార్లకూ మధ్య ఏడాదికి 200 యూనిట్ల దాకా తేడా ఉండవచ్చు. ఒకే మీటర్ మీద రెండు ఏసీలు నడిపే మీ ఇంట్లో, రెండింటిలో ఎక్కువ గంటలు నడిచేదానికైనా అయిదు స్టార్లు తీసుకోవడం లాభసాటి అని నా అభిప్రాయం. స్టార్ల ప్రమాణాలను బీఈఈ అప్పుడప్పుడు కఠినం చేస్తుంటుంది, పాత సరుకు మీది అయిదు స్టార్లు కొత్త లెక్కలో తక్కువ కావచ్చు. లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో దాని మీదే ఉంటుంది, చూసి కొనండి.

సరైన సైజు కొన్నా బిగింపులో దాన్ని పోగొట్టుకునేవారు ఎందరో. ఔట్‌డోర్ యూనిట్ తాను విసిరిన వేడిగాలిని తానే మళ్లీ పీల్చుకునేలా ఇరుకు డక్టులో గానీ, గ్రిల్లు వేసి మూసిన బాల్కనీలో గానీ పెడితే, 5,000 వాట్ల ఏసీ 4,000 ఇవ్వడం కూడా కష్టమే. మీది పై అంతస్తు కాబట్టి డాబా మీద, మెట్ల గది నీడ పడే చోట, ముందు వైపు అడ్డం లేకుండా, స్టాండు మీద కాస్త ఎత్తులో పెట్టించండి. రాగి పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. డాబా మీద ఎండలో పాకే భాగానికి ఇన్సులేషన్ తొడుగు చిరగకుండా పైన టేపు చుట్టించండి. ప్రతి ఏసీకీ మెయిన్ బోర్డు నుంచి వేరుగా వైరు లాగించాలి, ఒకటిన్నర టన్నుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తానే ఆగే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. రెండు ఏసీలూ కలిసి నడిస్తే రెండున్నర కిలోవాట్లు దాటవచ్చు, మీ కనెక్షన్ కాంట్రాక్ట్ లోడ్ (మీ మీటర్‌కు మంజూరైన కిలోవాట్లు) అంత లేకపోతే ముందే పెంచుకోండి.

వాడకంలో ఒక్క మాట. ఏసీ వేసినప్పుడు ఫ్యాను వేస్తే స్లాబు వేడి కిందికి దిగుతుందని చాలామంది ఫ్యాను ఆపేస్తారు. పూత లేని పై అంతస్తులో ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. స్లాబు వేడి తగ్గించుకున్నాక మాత్రం తక్కువ వేగంతో ఫ్యాను వేసుకుని ఏసీని 26 దగ్గర పెట్టుకోండి, 24 దగ్గర ఉన్నంత హాయిగానే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ చెబుతోంది.

డాబా పని మార్చిలోగా పూర్తయితే ఏసీని ఏప్రిల్ మొదట్లో బిగించుకోవచ్చు. మే నెలలో బాగా కాసిన ఒక రోజు రాత్రి తొమ్మిదిన్నరకు తలుపులు మూసి 26 దగ్గర పెట్టి చూడండి. గంట, గంటన్నరలో గది ఆ అంకెకు చేరి, బయటి యూనిట్ శబ్దం తగ్గితే సైజు సరిపోయినట్టే. అలా జరగకపోతే టన్ను చాలలేదనుకునే ముందు ఫిల్టర్ శుభ్రంగా ఉందో లేదో, ఔట్‌డోర్ యూనిట్ ముందు ఏదైనా అడ్డం ఉందో, గ్యాస్ పూర్తిగా ఉందో పరీక్ష చేయించండి. అవన్నీ సరిగ్గా ఉండి కూడా గది చల్లబడకపోతే, స్లాబు మందం, కిటికీ ఎదురుగా ఏముందన్న వివరాలతో మళ్లీ రాయండి, లెక్క మరోసారి చూద్దాం.